రుషికొండ బ్లూ ఫ్లాగ్ బీచ్ సమీక్ష: తీరం ఎవరి అజమాయిషీలో ఉంటే ఎలా ఉంటుంది

తీర్పు ముందే చెప్పేస్తాం. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లి నీళ్లలో దిగాలంటే విశాఖలో రుషికొండ బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత ప్రమాణాలు పాటించే బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) ముక్కే మంచిది. ఐదుకి నాలుగు ఇస్తాం. ఆర్కే బీచ్‌కి రెండున్నర దాటి ఇవ్వలేం. రెండింటికీ మధ్య దూరం పది పన్నెండు కిలోమీటర్లే, సముద్రం ఒకటే, ఆదివారం సాయంత్రం వచ్చే జనం కూడా ఇంచుమించు వాళ్లే. మరి ఇంత తేడా ఎందుకంటే ఇసుకనీ అలలనీ చూస్తే తెలియదు. ఆ ఇసుక ఎవరి చేతిలో ఉంది, పని చెడితే అడిగే హక్కు ఎవరికుంది, అడిగాక ఎన్నాళ్లకు కదులుతుంది అన్నవి చూడాలి. అందుకే ఈ సమీక్షలో పార్కింగ్, మరుగుదొడ్ల కన్నా పాలన గురించే ఎక్కువ ఉంటుంది.

జెండా వెనక ఏముంది

బ్లూ ఫ్లాగ్ ఇచ్చేది ప్రభుత్వం కాదు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ నుంచి నడిచే ఫౌండేషన్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ అనే స్వచ్ఛంద సంస్థ. 1985లో ఫ్రాన్స్‌లో మొదలైన ఈ పద్ధతి 1987 నుంచి యూరప్‌లోని మిగతా దేశాలకు పాకింది. మన దేశంలో మొదటి విడతలో, 2020 అక్టోబరులో, ఎనిమిది బీచ్‌లకు జెండా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి రుషికొండ ఒక్కటే. సదుపాయాలు పెట్టించింది కేంద్ర పర్యావరణ శాఖ ‘బీమ్స్’ కార్యక్రమం, రోజువారీ నడిపేది రాష్ట్ర పర్యాటక శాఖ, మార్కులు వేసేది బయటి సంస్థ. పని చేసేవాళ్లూ మార్కులు వేసేవాళ్లూ వేరు కావడం ఈ ఏర్పాటులో అన్నిటికన్నా విలువైన సంగతి.

మొత్తం 33 ప్రమాణాలు. పర్యావరణ సమాచారం, నీటి నాణ్యత, తీర నిర్వహణ, భద్రత-సేవలు అని నాలుగు పద్దులు. కొన్ని తప్పనిసరి, కొన్ని సలహా లాంటివి. వెళ్లినప్పుడు కళ్లతో సరిచూసుకోగలిగినవి చాలానే ఉన్నాయి. నీటి పరీక్షల ఫలితాలు బోర్డు మీద పెట్టాలి. సదుపాయాలు ఎక్కడున్నాయో చూపే మ్యాపు ఉండాలి. చెత్త వేరుచేసే డబ్బాలు, శుభ్రంగా ఉండే మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స పెట్టె, లైఫ్‌గార్డులు, తాగునీళ్లు, చక్రాల కుర్చీ ఇసుక దాకా వెళ్లే దారి ఉండాలి. కుక్కలు అదుపులో ఉండాలి. బండ్లు ఇసుక మీదికి రాకూడదు. ఏడాదికి కనీసం ఐదు పర్యావరణ అవగాహన కార్యక్రమాలు జరగాలి.

చాలామందికి వింతగా అనిపించే నియమం ఒకటుంది. అలలతో కొట్టుకొచ్చిన నాచు, సహజమైన చెత్త మరీ ఇబ్బంది పెడితే తప్ప తీయకూడదు. మనకు శుభ్రమంటే ఊడ్చిన వాకిలి. కానీ ఆ నాచు కిందే పీతలకు, చిన్న పురుగులకు తిండి దొరుకుతుంది, వాటి మీద పక్షులు బతుకుతాయి. ప్లాస్టిక్ ఏరి, నాచు వదిలేసిన తీరమే సరిగ్గా చూసుకుంటున్న తీరం.

నీళ్ల లెక్క

నమూనా ఎలా తీస్తారో తెలిస్తే బోర్డు మీది అంకెలు చదవడం తేలిక. జనం ఎక్కువగా దిగే చోట, నీటి పైపొరకి 30 సెంటీమీటర్ల లోతున, క్రిమిరహిత సీసాలో తీస్తారు. వెలుతురు తగలకుండా, చల్లగా ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి. ఎండలో కూర్చున్న సీసాలో బ్యాక్టీరియా లెక్క మారిపోతుంది, అప్పుడు వచ్చే అంకెకు విలువ లేదు. సీజన్‌లో ఒక నమూనాకీ తర్వాతి నమూనాకీ మధ్య 31 రోజులు మించకూడదు. వంద మిల్లీలీటర్ల నీళ్లలో మురుగు కలిసిందని పట్టిచ్చే బ్యాక్టీరియాల్లో ఈ-కోలి 250 కాలనీలు, ఎంటెరోకాకై 100 కాలనీలు దాటకూడదు. దీన్ని సగటు మీద కాకుండా 95వ పర్సంటైల్ మీద లెక్కిస్తారు, అంటే నూటికి 95 నమూనాలు ఆ గీతకు లోపలే ఉండాలి. ఎప్పుడో ఒకసారి బాగా చెడిపోయిన నీళ్లు మిగతా మంచి రోజుల సగటు చాటున దాక్కోకుండా చేసే ఏర్పాటు ఇది. నీళ్ల మీద నూనె తెట్టు కనపడకూడదు, పీహెచ్ 6 నుంచి 9 మధ్య ఉండాలి.

మనకూ సొంత ప్రమాణం ఉంది. స్నానాలకు, నీటి ఆటలకు వాడే సముద్రపు నీటిని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎస్‌డబ్ల్యూ-2 తరగతి అంటుంది. వంద మిల్లీలీటర్లకు మల కోలిఫాం (మలంతో వచ్చే బ్యాక్టీరియా) 100, బీవోడీ (నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్) లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు, కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు, పీహెచ్ 6.5 నుంచి 8.5. కాగితం మీద చూస్తే ఇది బ్లూ ఫ్లాగ్ కన్నా మెతకగా ఏమీ లేదు. తేడా ప్రమాణంలో లేదు, గీత దాటాక ఏం జరుగుతుందన్న దాంట్లో ఉంది. బ్లూ ఫ్లాగ్ బీచ్‌లో గీత దాటితే జెండా దించాలి, అది అందరికీ కనపడుతుంది. జెండా లేని తీరంలో దించడానికి ఏమీ లేదు. పరీక్ష ఫలితం ఏదో ఒక ఫైలులోకి వెళ్తుంది, అదే సాయంత్రం అదే నీళ్లలో పిల్లలు ఆడుకుంటారు.

2025లో జెండా దిగిన సంగతి

రుషికొండకు నాలుగు ఇవ్వడానికి ప్రధాన కారణం అక్కడి బల్లలూ గొడుగులూ కావు. 2025 ఫిబ్రవరిలో ఆ జెండా తీసేశారన్న సంగతే కారణం.

బీచ్‌లో వీధి కుక్కలు తిరుగుతున్నాయని, సీసీ కెమెరాలు పనిచేయడం లేదని, చెత్త పేరుకుందని, మరుగుదొడ్లు, నడకదారులు పాడయ్యాయని ఫొటోలతో సహా ఫిర్యాదులు నేరుగా డెన్మార్క్ చేరాయి. సంస్థ గుర్తింపును తాత్కాలికంగా వెనక్కి తీసుకుంది, జెండాలు దించారు. వార్త రాష్ట్రమంతా పాకింది. మరమ్మతులు పూర్తి చేశాక మార్చిలో గుర్తింపు తిరిగి వచ్చింది.

ఇందులో గమనించాల్సింది వేగం. కెమెరాలు, మరుగుదొడ్ల తలుపులు, నడకదారి పలకలు బాగుచేయడానికి కొత్త సాంకేతికత అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. అంతకుముందు కూడా బాగుచేయగలిగినవే. కానీ నిర్వహణ ఖర్చుది ఎప్పుడూ వెనక బెంచీయే. కొత్తది కడితే శిలాఫలకం ఉంటుంది, పాత కుళాయి బాగుచేస్తే ఏమీ ఉండదు. కాంట్రాక్టు గడువు ముగిసినప్పుడు కొత్త టెండరు పిలిచేలోపు రెండు మూడు నెలలు ఖాళీ వస్తే, ఉప్పుగాలికి ఇనుప సామాను తుప్పుపట్టడానికి ఆ మాత్రం చాలు. తీరంలో ఏ వస్తువైనా లోపలి ఊళ్లలో కన్నా చాలా త్వరగా పాడవుతుంది. మామూలు ఇనుప బోల్టులు, గేటు కీళ్లు, కెమెరా బిగించే పట్టీలు ముందు పోతాయి. టెండరులో స్టెయిన్‌లెస్ స్టీలు అని రాయకపోతే తక్కువ ధరకు వేసినవాడికి పని దక్కుతుంది, ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. ఈ మూల జబ్బు అన్ని శాఖల్లోనూ ఉంది. రుషికొండలో మాత్రం దాన్ని బయటపెట్టే యంత్రాంగం ఉంది, అది పనిచేసింది.

గుర్తింపు ఏడాదికోసారి కొత్తగా తెచ్చుకోవాలి. చిన్న లోపం ఒకటి కనపడితే సరిదిద్దుకోవడానికి పది రోజులిస్తారు. రెండు మూడు ప్రమాణాలు తప్పితే సరిచేసేదాకా జెండా దించాలి. పెద్ద ఉల్లంఘన అయితే ఆ సీజన్ మొత్తానికీ పోతుంది. శిక్షకి మెట్లుండటం మంచి ఏర్పాటు. మన చట్టాల్లో తరచు రెండే దారులుంటాయి: ఒకటి నోటీసు, రెండోది కోర్టు. నోటీసును ఎవరూ లెక్కచేయరు, కోర్టు తేలేసరికి ఏళ్లు గడుస్తాయి. మధ్యలో పది రోజుల గడువు లాంటి మెట్టు లేకపోవడం వల్లే చిన్న లోపాలు పెద్దవవుతాయి.

తగ్గిన ఒక్క మార్కు సంగతీ చెప్పాలి. జెండా రుషికొండ తీరమంతటికీ కాదు, గుర్తించిన ముక్కకే. ఆ హద్దు దాటి పక్కకి నడిస్తే బండ్లు, ప్లాస్టిక్ కప్పులు, గాజు సీసాల పెంకులు కనపడతాయి. ఊళ్లో మంచి పేరున్న తీరంలో కొంచెం భాగానికి శ్రద్ధంతా పోగుపెట్టి మిగతాదాన్ని గాలికి వదిలేసే ప్రమాదం ఈ రకం గుర్తింపులో ఎప్పుడూ ఉంటుంది. పైగా ఫిర్యాదు విన్నది విదేశీ సంస్థ. అదే ఫిర్యాదు స్థానికంగా చేస్తే అంత వేగంగా కదలిక వచ్చేదా అన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

ఆర్కే బీచ్: అందరిదీ, ఎవరిదీ కానిది

ఇక్కడ ఒక్క అధికారిని వేలుపెట్టి చూపించలేం. ఊడ్చేది, చెత్త ఎత్తేది మహా విశాఖ నగరపాలక సంస్థ. సబ్‌మెరైన్ మ్యూజియం లాంటి ఆకర్షణలు విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ)వి. ఇసుక కోతకీ, ఇసుక నింపడానికీ సంబంధించిన బాధ్యత పోర్టు అథారిటీది. తాబేళ్ల గుడ్లు అటవీ శాఖవి. చేపల వేట మత్స్య శాఖది. నీటి పరీక్ష కాలుష్య నియంత్రణ మండలిది. కట్టడాలకు తీరప్రాంత నియంత్రణ మండలి అనుమతి కావాలి. మునిగిపోయినవాళ్లను వెతికేది పోలీసులు, గజ ఈతగాళ్లు.

ఈ ముక్కలు ఇలా ఎందుకు విడిపోయాయంటే మన రాజ్యాంగం దాకా వెళ్లాలి. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు ఘనవ్యర్థాలను, పర్యావరణ రక్షణను పట్టణ స్థానిక సంస్థలకు ఇవ్వదగిన పనుల జాబితాలో పెట్టింది. పెద్ద రేవులు కేంద్ర జాబితాలోవి. తీరానికి దగ్గరి చేపల వేట రాష్ట్రానిది, ప్రాదేశిక జలాలు దాటితే కేంద్రానిది. తీర నియంత్రణ నోటిఫికేషన్ 1986 పర్యావరణ చట్టం కింద ఢిల్లీలో తయారవుతుంది. కాలికింద ఇసుక ఒకటే అయినా దాని మీద నడిచే ఫైళ్లు వేర్వేరు ఊళ్లకు వెళ్తాయి.

దీని ఫలితం గెడ్డల దగ్గర స్పష్టంగా కనపడుతుంది. కొండల మీంచి వచ్చే వాననీటి కాలువల్ని ఇక్కడ గెడ్డలంటాం. ఒకప్పుడు వానకే పారేవి, ఇప్పుడు ఏడాది పొడుగునా పారుతున్నాయి, ఎందుకంటే వాటిలో ఇళ్ల మురుగు కలుస్తోంది. లాసన్స్ బే, జాలరిపేట వైపు ఇసుక మీద నల్లటి పాయ సముద్రంలోకి దిగడం చూడొచ్చు. భూగర్భ మురుగు గొట్టాలు వేసిన వీధిలో కూడా ఇంటి కనెక్షన్ తీసుకోకపోతే నీళ్లు పాత కాలువలోకే పోతాయి. గొట్టం వేయడం ఇంజినీరింగ్ విభాగం పని, కనెక్షన్ ఇంటివాళ్ల ఖర్చు, శుద్ధి కేంద్రం నడపడం కాంట్రాక్టరు పని, సముద్రంలో కలిశాక పరీక్ష చేయడం ఇంకొకరి పని. నీళ్లు చెడ్డాయని తేలినా, పైన ఎక్కడ ఏ ఇంటి దగ్గర చెడ్డాయో వెనక్కి నడుచుకుంటూ వెళ్లి చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. అసలు కావలసిన పని అదే.

అందుకే సూటిగా చెబుతున్నాం: గట్టి వాన పడ్డాక రెండు రోజులు గెడ్డ ముఖాల దగ్గర నీళ్లలో దిగొద్దు. పుండ్లు, దెబ్బలు ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు అసలే వద్దు.

నగరపాలక సంస్థ కౌన్సిలు గురించి రెండు మాటలు. 2007లో ఎన్నికైన కౌన్సిలు గడువు 2012 ఫిబ్రవరిలో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలన ఉంటే ఊరు శుభ్రంగా ఉంటుంది, లేకపోతే ఉండదు అని తేల్చేయాలనిపిస్తుంది గానీ లెక్కలు అలా లేవు. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విశాఖకు 2016లో అయిదో ర్యాంకు, 2017లో మూడో ర్యాంకు వచ్చింది కౌన్సిలు లేని రోజుల్లోనే. 2019లో 23కి పడిపోయిందీ ఆ రోజుల్లోనే. ఒక కమిషనరు పట్టుదలగా ఉంటే లారీలు, డబ్బాలు, కార్మికుల హాజరు ఒక్క ఆదేశంతో కదులుతాయి. ఆ పట్టు బదిలీతో పాటే వెళ్లిపోవచ్చు. అదీకాక ర్యాంకుల్లో ఎక్కువగా కొలిచేది చెత్త సేకరణను, మరుగుదొడ్లను. సముద్రంలోకి దిగే పాయను కాదు. వార్డు సభ్యుడు ఉన్నప్పుడు గెడ్డ గురించి కౌన్సిల్లో ప్రశ్న వేయొచ్చు, ఆ ప్రశ్న రికార్డవుతుంది. అధికారి పాలనలో వేగం ఉంటుంది, ప్రశ్న వేసే చోటు ఉండదు. రెండింటిలో ఏది మంచిదంటే, చెత్తకు వేగం చాలు, మురుగుకు ప్రశ్న కావాలి. మురుగు పని పదేళ్లు పట్టేది. పదేళ్లు గుర్తుంచుకునేవాళ్లు ఆ వీధిలో ఓటున్నవాళ్లే.

ఇసుక ఎక్కడికి పోతోంది

ఆర్కే బీచ్ సన్నబడటానికి తుపాన్లను తిట్టడం రివాజు. 2014 అక్టోబరు హుద్‌హుద్ తర్వాత కోత బాగా కనపడింది నిజమే. కానీ మూలం రేవులో ఉంది. తూర్పు తీరంలో నైరుతి అలల తోపుకి ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య రుతుపవనాల నెలల్లో మాత్రం కొంత వెనక్కి వస్తుంది. 1933లో తెరిచిన లోపలి రేవు కట్టేటప్పుడే ముఖద్వారం దగ్గర జేనస్, వెలెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డం కట్టారు. 1976 నాటి బయటి రేవు గట్లు సముద్రంలోకి ఇంకా ముందుకెళ్లాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆ గట్ల దగ్గర ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఊరి తీరానికి రావలసిన వాటా రాదు. అలలు మాత్రం ఉన్న ఇసుకను తీసుకుపోతూనే ఉంటాయి.

విరుగుడు తెలిసిందే. గట్టు పక్కన ఇసుక పేరుకునే గుంట నుంచి డ్రెడ్జరు (అడుగు ఇసుక తోడే ఓడ)తో తోడి, గొట్టాల ద్వారా ఆర్కే బీచ్ మీదికి పంపాలి. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కేంద్ర కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. 2019లో ఆ సంస్థలో కేంద్రం వాటాను నాలుగు రేవులు కొన్నాయి, అందులో విశాఖ ఒకటి. అంటే పడవ ఉంది, ఇసుక ఉంది, పని తెలిసినవాళ్లున్నారు. లోపం క్రమంలో ఉంది. ఇసుక నింపడం ఏటా చేయాల్సిన పని, ఒకసారి చేసి వదిలేస్తే వచ్చే నైరుతి అలలకే చాలావరకు పోతుంది. రేవు పని సరుకు దించడం, ఎక్కించడం. దాని పనితీరును టన్నుల్లో కొలుస్తారు, బీచ్ వెడల్పులో కాదు. ఆర్కే బీచ్‌లో స్థిరమైన కొలత రాళ్లు పెట్టి, ప్రతి ఏప్రిల్లో, ప్రతి నవంబరులో బీచ్ వెడల్పు కొలిచి, ఆ అంకెలను బోర్డు మీద పెడితే చాలు, రేవునీ నగరాన్నీ ఒకే అంకె ముందు కూర్చోబెట్టొచ్చు. ఖర్చు కూడా పెద్దదేం కాదు.

మాటకు కట్టుబడే చోటు

అందరూ చెప్పుకోదగ్గ పాలన ఒకటి ఈ తీరంలోనే ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఈ నిషేధం చాలావరకు అమలవుతుంది. కారణాలు వెతికితే మూడు దొరుకుతాయి. తేదీలు ఏటా మారవు, అందరికీ తెలుసు. ఫిషింగ్ హార్బరులో బోటు కట్టేసి ఉందో లేదో దూరం నుంచి కూడా కనపడుతుంది. ఆ రెండు నెలలకు భృతి ఉంది: 2019లో నాలుగు వేల నుంచి పది వేలకు, 2025లో ఇరవై వేలకు పెంచారు. నాలుగో కారణం కూడా చెప్పుకోవాలి. జాలరిపేటల్లో పెద్దల మాటకు విలువుంది, తప్పుచేసినవాడు రేపు పొద్దున్న అదే ఒడ్డున వల ఆరబెట్టుకోవాలి.

అయినా పెద్దల మాట అన్నిటికీ సరిపోదు. చేపల గుంపును చుట్టుముట్టి పట్టే రింగు వలల విషయంలో 2022 జనవరిలో ఇదే తీరంలో మత్స్యకారుల మధ్య గొడవ సముద్రం మీదికెక్కింది. తమలో తమకు పోటీ వచ్చినప్పుడు కట్టుబాటు తెగింది, అధికారులు మధ్యలోకి రావాల్సి వచ్చింది. సంప్రదాయ కట్టుబాటు ఒకే రకం వల, ఒకే రకం పడవ ఉన్నంతకాలం బాగా నడుస్తుంది. పెట్టుబడిలో తేడా వస్తే చట్టం కావాలి.

తాబేళ్ల దగ్గర కూడా ఇలాంటిదే. శీతాకాలం నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాటిని సేకరించి, ఒడ్డునే కంచె వేసిన చోట పాతిపెట్టి, 45 నుంచి 60 రోజులకు పిల్లలు వచ్చాక సముద్రంలో వదులుతుంది. గూడు మూరెడు లోతున ఉంటుంది. ఇసుక జల్లించే యంత్రం పళ్లు అంత లోతుకి పోకపోయినా, దాని బరువుకి ఇసుక గట్టిపడి పిల్లలు పైకి రాలేవు. కాబట్టి ఆ నెలల్లో ఊడ్చే శాఖ, తాబేళ్ల శాఖ రోజూ తెల్లవారుజామున మాట్లాడుకోవాలి. గూళ్లకు జెండా కర్ర పాతే చిన్న పనితో సగం సమస్య తీరుతుంది.

కొండ, రుసుము

రుషికొండకు వెళ్లిన ప్రతివాళ్లూ వెనక్కి తిరిగి కొండ చూస్తారు. పాత రిసార్టు కూల్చి కొత్త భవనాలు కట్టిన చోటు అది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పనులు ఆపమంది. సుప్రీంకోర్టు ఆ విచారణను పక్కనపెట్టి హైకోర్టే చూడాలంది, అప్పటిదాకా ఇంతకుముందు కట్టడాలున్న మేరకే పని చేసుకోవచ్చంది. భవనాలు లేచాయి. కింద ఇసుకలో కప్పు పడేస్తే మార్కు పోతుంది, పైన కొండ చెక్కితే అది వేరే ఫైలు. ఒకే శాఖ కింద ఉన్న రెండు చోట్ల రెండు కొలతలు నడవడం చూస్తే, బయటి తనిఖీ చూసేది తాను కొలవగలిగిన దాన్నే అని అర్థమవుతుంది. గుర్తింపుకు ఉన్న పెద్ద హద్దు ఇదే.

2023 జూలైలో ఈ బీచ్‌కి ఇరవై రూపాయల ప్రవేశ రుసుము పెట్టాలని ప్రకటించి, నిరసన రాగానే వెనక్కి తీసుకున్నారు. రుసుము వద్దనడం సరైనదే. సముద్రం చూడటానికి టిక్కెట్టు పెడితే పక్క ఊరి కూలీ కుటుంబానికి అది రానుపోను ఆటో ఖర్చు మీద అదనపు బరువు. కానీ ఆ డబ్బు బదులు నిర్వహణకు ఏ డబ్బు వస్తుందో అదే రోజు చెప్పాల్సింది. పార్కింగ్, నీటి ఆటల వాటా, దుకాణాల అద్దెల్లో కొంత భాగం ఈ బీచ్ పేరుతో వేరే ఖాతాలో వేసి, ఆ లెక్క కూడా నీటి ఫలితాల పక్కనే బోర్డు మీద పెట్టాలి. సాధారణ ఖజానాలోకి వెళ్లిన రూపాయి తిరిగి కుళాయి దగ్గరికి వచ్చేసరికి చాలా ఆలస్యమవుతుంది.

వెళ్లేవాళ్లకు

పొద్దున్నే వెళ్లండి. ఎండ, జనం రెండూ తక్కువ. మొదట బోర్డు దగ్గరికి వెళ్లి నీటి ఫలితం తేదీ చూడండి. నెల రోజులకు మించి పాతదైతే లోపలికి వెళ్లేముందే దాన్ని ఫొటో తీసుకోండి. జెండా ఎగురుతోందా, లైఫ్‌గార్డు కూర్చునే చోట మనిషి ఉన్నాడా చూసుకోండి. గుర్తులు కట్టిన ఈత భాగం దాటొద్దు. రుషికొండలో ఒడ్డు త్వరగా లోతవుతుంది, మోకాలి లోతులో ఉన్నామనుకున్న మనిషికి రెండడుగులు వేసేసరికి ఛాతీ దాకా వస్తుంది.

లోపలికి లాగే ప్రవాహాన్ని ఒడ్డు నుంచే పోల్చొచ్చు. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక చోట విరగకుండా, ముదురు రంగులో, నున్నగా ఉంటుంది. చూడటానికి శాంతంగా ఉండే ఆ చోటే ప్రమాదం. అందులో చిక్కితే ఒడ్డుకి ఎదురీదొద్దు, అలిసిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటుకి వచ్చాక వాటితో పాటు ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. ఆపదలో 112కి, పడవలో ఉన్నవాళ్లయితే తీర రక్షక దళం 1554కి ఫోను చేయాలి.

ఫిర్యాదు రాసేటప్పుడు ‘బీచ్ బాగాలేదు’ అని రాస్తే ఎవరూ కదలరు. ఏ ప్రమాణం తప్పిందో రాయాలి: మరుగుదొడ్డిలో నీళ్లు లేవు, బోర్డు మీద ఫలితం ఫలానా తేదీది, ఈత భాగంలో బండి ఉంది. తేదీ, సమయం కనపడేలా రెండు ఫొటోలు చాలు, ఒకటి దగ్గర నుంచి, ఒకటి చుట్టుపక్కల గుర్తులు తెలిసేలా. మొదట పర్యాటక శాఖకు పంపండి. పది రోజులు చూసి, అవే ఫొటోలతో పాటు పదో రోజు తీసిన కొత్త ఫొటోను జతచేసి బ్లూ ఫ్లాగ్ జాతీయ నిర్వాహకులకు పంపండి. ఆర్కే బీచ్ అయితే చెత్తకూ మురుగుకూ నగరపాలక సంస్థ, కోతకు పోర్టు, తాబేలు గూడుకి అటవీ శాఖ. మురుగు ఫిర్యాదులో గెడ్డ సముద్రంలో కలిసే చోటు ఫొటో ఒక్కటే పెట్టకండి, గెడ్డ వెంట పైకి నడిచి గొట్టం కలిసే చోటు దొరికితే దాని ఫొటో, పక్కనున్న కరెంటు స్తంభం నంబరు కూడా పెట్టండి. ఆ నంబరుంటే జూనియర్ ఇంజినీరు నేరుగా ఆ చోటుకే వెళ్లగలడు.